తలుపవతల సూత్రాలు

తలుపు వేసుకుంది, ఇక నేను చేయగలిగింది కూర్చోవడమే. ఈ కుర్చీ మా మరిది ఏరికోరి కొన్నది, వీపు ఆనిస్తే ముందుకు తోస్తుంది, ముందుకు వంగితే నడుము పట్టేస్తుంది, మర్యాదగా ఇబ్బంది పెట్టడంలో అచ్చం యజమానే. తలుపవతల నా చెల్లెలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేను కట్టిన వెబ్‌సైట్ వింటోంది. వినడమే, చూపు పోయి రెండేళ్ళు కావస్తోంది. తెర మీద ఉన్నదాన్ని కంప్యూటర్లోని ఒక గొంతు దానికి చదివి వినిపిస్తుంది, మామూలు వాక్యాలైతే గడగడా చదివేస్తుంది, లెక్కల సూత్రం ఎదురైనప్పుడే దాని బండారం బయటపడుతుంది. నా చెల్లెలు కాలేజీలో లెక్కలు చెప్పేది. చెప్పేది అనాలో, చెబుతుంది అనాలో ఇంకో గంటలో తేలుతుంది, ఎందుకంటే ఐదింటికి వాళ్ళ ప్రిన్సిపాల్ ఫోన్ చేస్తాడు, ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా రావడానికి ఒప్పుకున్నట్టేనా అని అడుగుతాడు, ఇది సరే అంటే నల్లబల్లకీ దీనికీ ఉన్న సంబంధం అక్కడితో ఆఖరు. సూత్రాలు చెవికి అందితే కాదంటుంది. అందకపోతే సరే అంటుంది, అదీ చిరునవ్వుతో అంటుంది, ఆ చిరునవ్వు తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

ఎదురుగా గోడ మీద జలపాతం ఉంది. చెల్లి సెలవు మీద వెళ్తున్న రోజు కాలేజీవాళ్ళు మీటింగు పెట్టి, తలా కాస్త పొగిడి, అందరం కలిసి కొన్నామంటూ చేతికిచ్చిన కానుక అది, బంగారు రంగు ఫ్రేము, అద్దం, అద్దం వెనక దబదబా పడుతున్న నీళ్ళు. చూపు పోయిన మనిషికి ఫోటో. ఇంతమంది డాక్టరేట్లు కూడబలుక్కుని చేసిన నిర్ణయం. చెల్లి దాన్ని అంచుల వెంట తడిమి, ఏముంది ఇందులో అని అడిగితే ఒక్కరికీ నోరు పెగల్లేదట, ఆఖరికి ఎవరో ‘ప్రకృతి మేడమ్’ అన్నారట. మా మరిది దాన్ని ఇంటికి మోసుకొచ్చి, వంకర రాకుండా కొలత పెట్టి, మేకు కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని తృప్తిపడ్డాడు. వారం వారం తుడుస్తాడు కూడా. పోయిన నెల ప్రిన్సిపాల్ పళ్ళ సంచీతో వచ్చి ఈ జలపాతం కిందే కూర్చున్నాడు. మీ సేవలు మాకు అమూల్యం అన్నాడు, మీ ఇబ్బంది మేం అర్థం చేసుకోగలం అన్నాడు, మీకు శ్రమ లేని బాధ్యత ఒకటి ఆలోచించాం అన్నాడు. నాకు ఆ భాష కొట్టిన పిండి. నేను బీమా ఆఫీసులో క్లెయిములు కుదరవని చెప్పే ఉత్తరాలు రాస్తాను, ఉద్యోగంలో చేరిన్నాటి నుంచీ అదే పని, ‘చింతిస్తున్నాం’ అన్న మాటని నా అంత నిశ్చింతగా రాసేవాళ్ళు ఇంకొకరుండరు. మనిషిని గుమ్మం బయటికి పంపిస్తూ లోపలికి పిలుస్తున్నట్టు వినిపించాలి, అదీ విద్య. ప్రిన్సిపాల్‌కి అందులో సగమే వచ్చు. ‘అమూల్యం’ తర్వాత ఒక్క క్షణం ఆగాడు, ఆగకూడదు, ఆగితే అవతలి మనిషికి ఆలోచించుకోవడానికి సందు దొరుకుతుంది. మా సెక్షన్లో ఎవరైనా అలా ఆగితే నేను ఉత్తరం మళ్ళీ రాయిస్తాను. చెల్లి మాత్రం ఆ సందుని వాడుకోలేదు. ‘ఆలోచించి చెబుతాను సార్, చాలా థాంక్స్ సార్’ అంది, రెండు ‘సార్’లు పెట్టి మరీ.

దాని క్లాసులు ఇప్పుడు ఒకాయన చెబుతున్నాడు. మా ఇంట్లో ఆయన పేరు ఇస్త్రీ చొక్కా. లెక్కల మాస్టారన్నాక చేతికి సుద్ద అంటాలి, మోచేతికైనా అంటాలి, ఆయనకి అంటదు, ఎందుకంటే ఆయన బోర్డు మీద రాయడు, చెల్లి రాసిపెట్టిన పాఠాల్ని తెర మీద వేసి కర్రతో చూపిస్తాడు. ఆ పాఠాలు కాలేజీ సైట్లో ఉన్నాయి. చెల్లి కళ్ళున్న రోజుల్లో చేత్తో రాసుకున్నవి, వాక్యాల వరకూ కాలేజీ కంప్యూటరాయన టైపు చేశాడు, సూత్రాలు టైపు చేయడం తన వల్ల కాక వాటిని కాగితంలోంచి ముక్కలుగా కత్తిరించి బొమ్మలుగా అతికించాడు. చూసేవాళ్ళకి ఏ లోటూ లేదు. ఆపరేషన్లన్నీ అయిపోయి, ఇక చూపు రాదని డాక్టరు ‘ధైర్యంగా ఉండాలమ్మా’ అన్న ముక్క కూడా అయిపోయాక, ఒక సాయంత్రం చెల్లి ఈ చదివే గొంతుని మొదటిసారి తన పాఠం మీద పెట్టి విన్నది, నేను పక్కనే ఉన్నాను, బొమ్మ ఎదురైన చోటల్లా ఆ గొంతుకి వచ్చింది ఒక్కటే మాట. కాబట్టి, చిత్రం. ఇందులో రెండు వైపులా, చిత్రం, తీసేస్తే, చిత్రం. చిత్రం విలువ చిత్రం కంటే తక్కువ కనుక, చిత్రం. తన పాఠం తనకే. వాక్యాల్లో ఉన్న ఊకంతా మిగిలి గింజంతా ఎగిరిపోయినట్టు, ‘కాబట్టి’లూ ‘కనుక’లూ తప్ప లెక్కన్నది లేదు. అది ఆఖరి దాకా విన్నది, నేను మధ్యలో ఆపబోతే చెయ్యి పట్టుకుంది, పూర్తిగా విని ఇయర్‌ఫోన్లు తీసి మడిచి పెట్టి, ‘ఫర్వాలేదులే అక్కా, పాపం బాగానే చేశారు’ అంది. అప్పుడు భయం వేసింది నాకు. డాక్టరు దగ్గర కూడా అంత భయం వేయలేదు. నా చెల్లెలు పుట్టాక ఎవర్నీ పాపం అనలేదు.

అది ఎలాంటి మనిషని! చిన్నప్పుడు ఒకే మంచం మాకు, ఒకే దుప్పటి, అది నా వీపు మీద వేలితో అంకెలు రాసి ఏం రాశానో చెప్పమనేది, నేను ఏడంటే ఒకటనేది, ఒకటంటే ఏడనేది, వీపుకి కూడా బుద్ధి ఉండాలక్కా అనేది, నాకంటే నాలుగేళ్ళు చిన్నది. మా బంధువుల్లో దాని నోటికి భయపడి మా ఇంటికి రావడం మానేసినవాళ్ళున్నారు. పరీక్షల్లో సున్నా వచ్చిన పిల్లాణ్ణి పిలిచి, నీ జవాబు తప్పు కాదు నాయనా, తప్పు అవడానికి కూడా ముందు ప్రశ్న చదవాలి, అన్నదట, ఆ పిల్లాడు మళ్ళీ ఏడు దాని క్లాసుకే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడట. అందరూ అంతే, తిట్టించుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు, ఎందుకంటే అది ఎవర్నైనా తీసిపారేసేదంటే వాళ్ళ లెక్క చూసి తీసిపారేసేది, మొహం చూసి కాదు. మా ఇంట్లో వెటకారం అందరికీ ఉంది, నాన్నకుండేది, అత్తయ్యకుండేది, నాకు చెప్పనక్కర్లేదు, మా అందరిదీ ఉబుసుపోకకి చేసే వెటకారం, దానిది మాత్రం పనిముట్టు. అలాంటిది ఇప్పుడు మంచిదైపోయింది. మంచితనం! వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుంటుంది, నీళ్ళిస్తే థాంక్స్ చెబుతుంది, పక్కింటావిడ కళ్ళకి ఏదో చిట్కా చెబితే శ్రద్ధగా వింటుంది. ఇల్లంతా ఎవరో పోయినట్టు మెత్తగా తయారైంది. దానికి చూపు తెప్పించడం నా తరం కాదు, డాక్టర్ల తరమే కాలేదు, కనీసం దాని నోరైనా వెనక్కి తెద్దామని ఈ పనికి దిగాను, లోకోద్ధరణకి కాదు.

ఇంకోటి చెప్పాలి, నాకు లెక్కలంటే గిట్టదు. గౌరవం కూడా లేదు. గుడ్డల కొట్లో చుక్కలూ గీతలూ అచ్చేసిన చీటీ గుడ్డలా ఉంటుంది ఆ రాతంతా, మనిషన్నవాడు చెప్పదలుచుకున్నది మాటల్లో చెప్పలేక అక్షరం నెత్తిన అంకె, అంకె కింద అక్షరం పేర్చుకుని ఏదో కనిపెట్టినట్టు మొహం పెడతాడు. అయినా దిగాను, చెల్లి కాగితాలు ముందేసుకుని ఆ పాఠాల్నే కొత్త సైట్లోకి ఎక్కించడానికి. సైట్ కట్టడం తేలికే, స్టాటిక్ సైట్ అంటారు, అంటే ఎవరో అడిగినప్పుడు అప్పటికప్పుడు తయారయ్యేది కాదు, ముందే అచ్చేసి అలమారలో పెట్టిన కాగితం లాంటిది, ఎవరొచ్చి తలుపు కొట్టినా అదే కాగితం ఇస్తుంది. నా ఉద్యోగం లాంటిదే కనక నాకు వెంటనే అర్థమైంది. సూత్రాలు ఎలా పెట్టాలో వెతికితే దానికి ప్లగిన్లున్నాయన్నారు. ప్లగిన్ అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, నువ్వు సూత్రాన్ని రెండు డాలర్ గుర్తుల మధ్య దాని సంకేత భాషలో రాసిపెడితే అది సూత్రంలా కనబడేట్టు చేస్తుంది. వాటిని తయారుచేసిన మహానుభావులు రాసిన సూచనలన్నీ ఒకేలా మొదలవుతాయి: చాలా సులువు. కేవలం ఈ ఒక్క లైను చేర్చండి. కేవలం! ఏ ఫైల్లో చేర్చాలో చెప్పడు, ఎక్కడ చేర్చాలో చెప్పడు, చేర్చాక తెర మొత్తం తెల్లగా అయిపోతే ఏం చేయాలో చెప్పడు. ఇంటర్నెట్లో ఇలాంటి సందేహాలు అడుక్కునే ఫోరం ఉంది, అక్కడ అడిగితే ఒకడు ‘నాకు పనిచేసిందే’ అంటాడు. నీకు పనిచేసింది కాబట్టి నాకేమిటి, నీకు పెళ్ళయింది, మా ఆఫీసు గుమాస్తాకి అవలేదు, నీ పెళ్ళి ఫోటో చూపిస్తే అతనికి అవుతుందా? ఇంకొకడు నేనడిగిన ప్రశ్న అడగకూడని ప్రశ్న అన్నాడు. మూడోవాడు సూత్రాలన్నీ బొమ్మలుగా పెట్టుకోండి, హాయి, అన్నాడు, వాడికి నేను రాసిన జవాబు ఫోరంవాళ్ళు తీసేశారు.

మొదటి ప్లగిన్ పెట్టగానే జరిగిన భాగోతం అండర్‌స్కోర్‌ది. అక్షరం కింద చిన్న అంకె రావాలంటే మధ్యలో అండర్‌స్కోర్ గీత పెట్టాలి, పెట్టాను, ఓపిగ్గా వందల చోట్ల పెట్టాను. నా పేజీని ముందుగా చదివేది ప్లగిన్ కాదని నాకెవడు చెప్పాడు? దానికంటే ముందు ఇంకో ప్రోగ్రాం గుమ్మంలో కూర్చుని ఉంది, మామూలు రాతని పేజీగా మార్చేది, దాని దృష్టిలో రెండు అండర్‌స్కోర్‌ల మధ్య ఉన్నదంతా వంపు అక్షరాల్లో పెట్టమని అర్థం. పెట్టేసింది. గీతల్ని మింగేసి, సూత్రంలో సగాన్ని పక్కకి వాల్చేసి, మిగిలిన అస్థిపంజరాన్ని ప్లగిన్ ముందు పడేసింది, ప్లగిన్ ఎర్రక్షరాల్లో ఏడ్చింది. మా ఆఫీసులో మొదటి కౌంటర్‌వాడు దరఖాస్తు మీద సంతకాల్ని చెరిపేసి రెండో కౌంటర్‌కి పంపితే రెండోవాడు సంతకాలేవని అడిగినట్టు. ఆదివారాలన్నీ దీనికే పోయాయి. అర్థం తెలియని భాషలో ఎవరి మంత్రాలో రాసుకుంటూ పోయాను, ఒక్క సూత్రమూ బుర్రకెక్కలేదు, గర్వంగానే చెబుతున్నాను, ఏ గీత ఎక్కడుందో మాత్రం గుడ్డిగా, ఛ, ఈ మాట ఈ ఇంట్లో మానేశాను, మనసులో అయినా వచ్చేస్తోంది.

“టీ పెట్టమంటారా వదినగారూ?”

మా మరిది. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తాడు, గుసగుసగా మాట్లాడతాడు.

“గట్టిగానే అడగండి. పోయింది దాని కళ్ళు, మన నోళ్ళు కాదు.”

మనిషి చిన్నబుచ్చుకుని నా ఎదురు కుర్చీలో అంచున కూర్చున్నాడు, జలపాతానికి సరిగ్గా కింద. ఇతనికి కోపం రాదు. మాట్లాడే గడియారం కొన్నాడు, మాట్లాడే త్రాసు కొన్నాడు, ఇల్లంతా సామాన్లు మాట్లాడుతుంటే ఇతనే మాట్లాడ్డం తగ్గించాడు. చేతుల్లో చెల్లి ఫోను పట్టుకుని ఉన్నాడు, ఐదింటికి మోగేది అదే, దాన్ని రెండు అరచేతుల మధ్య పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“మీతో ఒక మాట చెప్పాలి. పొద్దున ప్రిన్సిపాల్ గారు నాకు ఫోన్ చేశారు.”

“ఐదింటికి కదా చేస్తానన్నది?”

“అది తనకి. ముందు నా అభిప్రాయం కనుక్కుందామని...” గొంతు సవరించుకున్నాడు. “ఒప్పుకుంటుంది లెండి అని చెప్పేశాను.”

“దాన్ని అడిగారా?”

“అడిగితే బాధపడుతుందని.”

ఇదీ వరస. బాధపడుతుందని అడగరు, అడగరు కాబట్టి వాళ్ళే చెప్పేస్తారు, చెప్పేశాక దాని మంచికే అంటారు. నేను నా చేతులతో ఎంతమందికి రాశాను ఇలాంటివి, మీ సౌకర్యార్థం మీ క్లెయిము మూసివేయడమైనది. నోటికొచ్చిన మాటలు నాలుగు పోగేసుకుని నోరు తెరవబోయాను, ఈలోగా అతనే అన్నాడు, గుసగుసగా కాదు, మామూలు గొంతుతో: “మీరు ఆదివారాలొస్తారు వదినా. సోమవారాలు నేనుంటాను. పోయినసారి మీరు చేసిన పేజీలు విన్నాక ఇది రెండ్రోజులు మంచం దిగలేదు. మీకు చెప్పొద్దంది. ఇంకోసారి అలా అయితే నేను చూడలేను, వార్డెనైతే కనీసం నలుగురు పిల్లలు చుట్టూ తిరుగుతారు కదా అని.” వెధవ కుర్చీ వీపులోకి పొడుస్తోంది. ఇతన్ని ఇన్నేళ్ళూ మెత్తని మనిషని ఈసడించుకున్నాను, ఇవాళ కూడా ఈసడించుకుంటూనే ఉన్నాను, కాకపోతే మధ్యలో ఎక్కడో తడబడుతోంది. టీ పెట్టమన్నాను. లేచాడు, ఫోను తీసుకునే వెళ్ళాడు, మునివేళ్ళ మీద.

మంచం దిగలేదట. నాకు చెప్పొద్దందట. పోయినసారి నా ముందు ఏమంది, నవ్వుతూ, ‘ఇది లెక్కా అక్కా, టెలిఫోన్ నంబరా?’ అంది, అంతే, ఆ ఒక్క పుల్లవిరుపుకే నేను పొంగిపోయి దారి పొడుగునా బస్సులో నవ్వుకుంటూ వెళ్ళాను, నోరు తిరిగొస్తోందని. అప్పుడు విన్నది ఏమిటంటే, ఎక్స్ మీద చిన్న రెండు ఉంటే ఎక్స్ రెండు అని, భిన్నంలో పైదీ కిందదీ వరసగా కలిపేసి చదువుకుంటూ పోయిందట ఆ గొంతు, అంకెలూ అక్షరాలూ ఒకదాని వెంట ఒకటి, గీత ఎక్కడుందో ఎత్తు ఎక్కడుందో తెలీకుండా. కంటికి మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి సూత్రాలు. అందుక్కారణం నా నిర్వాకమే. రెండో ప్లగిన్ పెట్టినప్పుడు ప్రతి సూత్రమూ తెర మీద రెండేసి సార్లు కనపడింది, ఒకటి తీర్చిదిద్దినట్టు అందంగా, దాని పక్కనే అదే సూత్రం మళ్ళీ, ఎగుడుదిగుడుగా, అతుకుల బొంతలా వికారంగా. ఇదేం ఖర్మరా అనుకుని వెతికితే ఫోరంలో అందరిదీ అదే గోల, అందరికీ ఒకటే సలహా: ఆ రెండోది అనవసరం, సెట్టింగుల్లో ఒక్క మాట మార్చండి, పోతుంది. మార్చాను. పోయింది. ఎంత బాగుందో అనుకున్నాను. ఆ అనవసరమైన రెండోదే చెవి కోసం పెట్టినది. మొదటిది వట్టి అలంకారం, అక్షరాల్ని తునకలు చేసి కంటికి నదరుగా సర్దిన షోకేసు, భిన్నం అంటే ఏమిటో దానికి తెలీదు, ఏది పైన ఏది కింద అన్న సంగతి తెలిసినది ఆ వికారంగా ఉన్నదొక్కటే. అసలు పద్ధతి ఏమిటంటే అలంకారానికి కావలసిన ఇంకో ఫైలు జతచేస్తే రెండోది కంటికి కనపడకుండా దాక్కుంటుందట, చెవికి మాత్రం వినపడుతుందట, ఆ ముక్క సూచనల్లో అడుగున ఉంది, ఒక్కడూ చదవలేదు, నేనూ చదవలేదు. లోకంలో ఇంతమంది లెక్కల పండితులు, కళ్ళు లేనివాళ్ళ వాటాని అనవసరం అనుకుని సెట్టింగు మార్చి చేతులు దులుపుకున్నారు, ఒకరికొకరు థాంక్స్ కూడా చెప్పుకున్నారు. తెలిసిన రోజు నాకు ఎంత కసి పుట్టిందంటే, ఆ ఫైలు జతచేయడం కాదు, అందమైనదాన్నే తీసి పారేశాను. వికారంగా ఉన్నదే ఉంది ఇప్పుడు సైట్లో. కళ్ళున్నవాళ్ళు ఎవరైనా వచ్చి చూసి మొహం చిట్లిస్తే చిట్లించనీ, నాకు చాలా సంతోషం.

అయితే అది ఎలా వినిపిస్తుందో నేను వినలేదు. వినొచ్చు, ఆ గొంతు నా కంప్యూటర్లోనూ ఉంది, ధైర్యం చాలలేదు. విన్నా నాకేం తెలుస్తుంది, సరిగ్గా చదివినా తప్పుగా చదివినా నాకు ఒకటే గొణుగుడు. అందుకే ఇలా మూసిన తలుపు ముందు కూర్చున్నాను. లోపల్నుంచి ఒక్క చప్పుడు లేదు. వినడం అయిపోయిందా, మొదలే పెట్టలేదా, మొదటి పేజీ దగ్గరే ఇయర్‌ఫోన్లు మడిచి పెట్టేసి మొహానికి ఆ చిరునవ్వు తగిలించుకుంటోందా? బయటికి వచ్చి ‘ఫర్వాలేదులే అక్కా, పాపం ఎంత కష్టపడ్డావో’ అంటే నేనేం చేయను? అంటుందేమో. అంటే లేచి చెంప పగలగొడతాను, చూపు లేదని కూడా చూడను. కాదు, ఏడుస్తాను, నాకు తెలుసు, ఇంతటి నోరూ అప్పుడు ఎందుకూ పనికిరాదు, మా మరిది నాకు కూడా నీళ్ళిస్తాడు, నేను కూడా థాంక్స్ చెబుతాను. సోమవారం నుంచి నేనే ఇక్కడుండి దాన్ని మంచం దింపాలి, ఎలా దింపుతారో అతన్నే అడగాలి. వంటింట్లో గిన్నె కిందపడింది. అతనే. బంగారు ఫ్రేములో నీళ్ళు పడుతూనే ఉన్నాయి, ఎవరికోసమో.

తలుపు తెరుచుకుంది.

ఇయర్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి, జుట్టు రేగిపోయి ఉంది, మొహం ఎర్రగా ఉంది. గుమ్మం పట్టుకుని నిలబడింది. చిరునవ్వు లేదు.

“అక్కా, పదకొండో పాఠం నువ్వు టైప్ చేసేటప్పుడు ఏమైనా మార్చావా?”

“ఒక్క గీత మార్చలేదే. అర్థమైతే కదా మార్చడానికి?”

“నిజం చెప్పు. భిన్నం కింద ఉన్నది, నువ్వు పెట్టిందేనా, నా కాగితంలో ఉన్నదేనా?”

“నీ కాగితంలో ఎలా ఉందో అలా దించాను. ఏం, చదవలేదా? మళ్ళీ పాడైందా?”

“చదివింది. అన్నీ చదివింది. భిన్నం మొదలు అంటుంది, పైన ఇది అంటుంది, కింద ఇది అంటుంది, భిన్నం ముగిసింది అంటుంది, నత్తలా చదువుతుంది, చంపుకు తింటుంది.” ఒక్క అడుగు ముందుకేసింది. “అయితే తప్పు నాదే.”

“ఏం తప్పు?”

“నీకు చెప్పినా ఒకటే, ఈ గోడకి చెప్పినా ఒకటే. అయినా విను. గొలుసు సూత్రం. ఒకటి మారితే రెండోది మారుతుంది, రెండోది మారితే మూడోది మారుతుంది. మధ్యలోదాంట్లో వచ్చిన మార్పుని భిన్నం కింద పెట్టి భాగించాను. మధ్యలోది కదలకుండా నిలబడిపోతే? కింద ఏముంటుంది?”

“ఏముంటుంది?”

“సున్నా, సున్నా! సున్నాతో భాగించాను! మొదటి ఏడు పిల్లలకి చేయొద్దని చెప్పే పని!” అరుస్తోంది. ఈ ఇంట్లో రెండేళ్ళుగా ఎవరూ అరవలేదు. “కన్ను భిన్నం మీద నుంచి జారిపోతుంది అక్కా, అలవాటైన సూత్రమైతే అసలు ఆగదు. ఈ ముదనష్టపు గొంతు కిందకి దిగి నిలబడింది. నిలబడితే వినపడింది. ఇన్నేళ్ళలో ఒక్క వెధవా చెయ్యెత్తి అడగలేదు. ముందు వరస వెధవలు కూడా!”

టీ కప్పులతో మా మరిది వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు, పళ్ళెం మీద ఫోను కూడా ఉంది, అది మోగడం మొదలుపెట్టింది. అతను నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. చెల్లి శబ్దం వచ్చిన వైపు చెయ్యి చాచింది, మంచి నీళ్ళకి చాచినట్టు కాదు, పిల్లాడి చేతిలోంచి కాపీ చీటీ లాక్కునేదానిలా చాచింది, అతను తెచ్చి ఇచ్చాడు.

“చెప్పండి సార్. ఆ, బాగానే ఉన్నాను. వార్డెన్ సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు నాకొకటి చెప్పండి, గొలుసు సూత్రం పాఠం ఇప్పుడెవరు చెబుతున్నారు?” విన్నది. “ఆయనేనా. ఎంతవరకు వచ్చాడు? రేపే కదా మరి. ఆపండి.” మళ్ళీ విన్నది. అవతలి గొంతు ఫోన్లోంచి సన్నగా బయటికి వస్తోంది, మెత్తగా, ఓదార్పుగా, నా ఉత్తరాల గొంతు. “ఆయన సరిచేయలేడు సార్. కనపడితే ఈపాటికి చేసేవాడు కదా, పోయినేడు నా తప్పునే కర్రతో చూపించాడు. నేను రాసింది, నేనే వచ్చి చెబుతాను. వార్డెన్‌గా కాదు సార్, నా క్లాసుకి నేనే వస్తున్నాను. మా ఆయన చెప్పారా? మా ఆయన చాలా చెబుతారు.”

ఆ మెత్తని గొంతు ఇంకాస్త మెత్తబడింది. కానీ అమ్మా, మీకు, అంటూ ఆగింది. ఆగకూడని చోట ఆగింది.

“కనపడదు సార్, నిజమే. కనపడిన రోజుల్లోనే ఇన్నేళ్ళూ తప్పు చెప్పాను.”

చెల్లి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“క్లాసు ఎన్నింటికి సార్?” అంది.